ఇనుము లేని చోటు

మొన్న యూనియన్ సెక్రటరీ హాస్టలు రూముకొచ్చి, "కథలూ కవితలూ గుట్ట పడి ఉన్నాయోయ్, సైన్సు వాళ్ల దగ్గర్నుంచి ఒక్క కాగితం రాలేదు. నువ్వా ఉపగ్రహం సంగతేదో వ్రాసియ్యి" అన్నాడు. ఉపగ్రహం అనేది చాలా పెద్ద మాట. నేనూ నా స్నేహితులిద్దరూ కలిసి చేసింది పది సెంటీమీటర్ల అల్యూమినియం డబ్బా. ఆకాశం మాట అటుంచి, అది హాస్టలు డాబా దాటి పైకి పోలేదు. అయినా దాని గురించి చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఏడాదిగా ఉండిపోయింది. అందులో కొంత సైన్సు, కొంత మా ఇంటి గొడవ. రెండూ విడదీసి వ్రాద్దామని చూశాను, కుదరలేదు. చదివేవారు మన్నించాలి.

మాది కదిరి పక్క ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట. వాన పడితే వేరుశెనగ, పడకపోతే మబ్బు వైపు చూడటం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. నన్ను హాస్టల్లో చేర్చి వెళ్లే రోజు మా నాయన బస్టాండులో, "ఫిజిక్సు అంటే కరెంటు పనేనా?" అని అడిగాడు. అవునన్నాను. బస్సు కదిలే వేళకు అంతకంటే మంచి జవాబు తోచలేదు.

రెండో సంవత్సరంలో సైన్సు ఎగ్జిబిషను వచ్చింది. అప్పటికి నేను లైబ్రరీలో చిన్న ఉపగ్రహాల గురించి చదివి ఉన్నాను. 1999లో అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు, స్టాన్‌ఫర్డులో బాబ్ ట్విగ్స్, కాలిఫోర్నియా పాలిటెక్నిక్‌లో జోర్డీ పుయిగ్ సువారీ, విద్యార్థులు కూడా ఉపగ్రహం కట్టేందుకు వీలుగా పది సెంటీమీటర్ల ఘనాన్ని ఒక కొలతగా పెట్టారు. దాన్ని క్యూబ్‌శాట్ అంటారు. ఒక ఘనం చాలకపోతే మూడు, ఆరు, పదహారు కలుపుకుంటూ పోవచ్చు, ఇటుకల్లాగా. మన దగ్గరా అలాంటి ముచ్చట జరిగింది. 2010 జూలై 12న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. మీద వెళ్లిన స్టడ్‌శాట్ బెంగుళూరు, హైదరాబాదుల్లోని ఏడు ఇంజనీరింగు కాలేజీల పిల్లలు కట్టినది. బరువు కిలో కూడా లేదు. మా ఇంట్లో విత్తనాలు కొలిచే శేరు డబ్బా అంత ఉంటుందేమోనని అనుకున్నాను.

అలాంటి డబ్బా నమూనా చేసి, అందులో భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిప్పు పెట్టాలన్నది మా ఆలోచన. చిప్పు గోరంత ఉంటుంది. మీ సెల్‌ఫోనులో దిక్కులు చూపేది కూడా దాదాపు ఇటువంటిదే. మేం కొన్న దాంట్లో నికెలు, ఇనుము కలిసిన పలచని పొర ఉంటుంది. బయటి అయస్కాంత క్షేత్రం ఎటు వాలితే ఆ పొరలో కరెంటుకు ఎదురయ్యే నిరోధం అటుకు తగినట్టు పిసరంత మారుతుంది. అలాంటి పొరలు మూడు దిక్కులకు మూడు జతలు పెడితే, మూడు అంకెలు వస్తాయి. మూడింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే మొత్తం బలం. ఇంటర్మీడియెట్ లెక్కే. చిప్పు రెండు వందల రూపాయలు. దాని మీద వ్రాసి ఉన్న పేరు ఒకటి, లోపల ఉన్న సరుకు ఇంకొకటి అని కనిపెట్టేసరికి మాకు నాలుగు రాత్రులు పట్టింది. ఆ సంగతి వదిలేస్తాను.

భూమి క్షేత్రం ఎంత ఉంటుందో చెప్పాలి. నానోటెస్లా అనే కొలతలో ఒక్కో చోట 25 వేల నుంచి 65 వేల దాకా ఉంటుంది. దక్షిణ భారతంలో మనకు నలభై వేల పైచిలుకు. ఇందులో ఎక్కువ భాగం మన కాళ్ల కింద 2,900 కిలోమీటర్ల లోతున, కరిగిన ఇనుము సుడులు తిరిగే చోటు నుంచి వస్తుంది. పై రాళ్లలోని అయస్కాంతం కొంత కలుస్తుంది. పగటి పూట పైన నూరు కిలోమీటర్ల ఎత్తున పారే విద్యుత్ ప్రవాహాలది ఇంకొంచెం. ఆ ప్రవాహం అయస్కాంత భూమధ్యరేఖ వెంబడి బలంగా ఉంటుంది. ఆ రేఖ మన దేశపు దక్షిణపు కొస మీదుగానే పోతుంది. 1963లో మన మొదటి రాకెట్టును తుంబా నుంచి వదలడానికి అదొక ముఖ్య కారణం.

డబ్బాను ఎటు తిప్పినా మొత్తం బలం మారకూడదు. దిక్కులు మారితే మూడు అంకెలు మారతాయి గానీ వాటి మొత్తం ఒకటే ఉండాలి. అన్ని దిక్కులకూ తిప్పి ఆ చుక్కలన్నీ గీస్తే బంతిలాంటి గోళం రావాలి. మాకు వచ్చింది ఓ పక్కకు జరిగిపోయిన గుమ్మడికాయ. ఒక వైపు తిప్పితే 33 వేలు, ఇంకో వైపు తిప్పితే 52 వేలు. ల్యాబులో ఇనుప బల్లలు, గోడల్లో ఇనుప చువ్వలు. అన్నిటికంటే పెద్ద దోషి డబ్బాలోనే ఉంది. మేం పెట్టిన బ్యాటరీ గొట్టాల పై తొడుగు ఉక్కు. తీగల్లో పారే కరెంటు కూడా దాని వంతు అయస్కాంతం అది పుట్టిస్తుంది. మేం కొలుస్తున్నది భూమిని కాదు, మా డబ్బానే.

ఎగ్జిబిషనుకు రెండు రోజులే ఉంది. మిగతా ఇద్దరూ డబ్బాకు రంగు వేసే పనిలో ఉన్నారు. నేను రాత్రి పదకొండింటికి కూర్చుని, మన ఊరి అక్షాంశ రేఖాంశాలకు ఎంత రావాలో నమూనా లెక్కల్లో చూసి, దానికి పదీ పదిహేనూ కలుపుతూ తీసేస్తూ నలభై రీడింగులు పుట్టించాను. చార్టు మీద వాటిని ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాశాను. మాకు రెండో బహుమతి వచ్చింది. మెమెంటో, తలా ఒక డిక్షనరీ. ఆ ఫోటో మా నాయన ఫోనులో ఇప్పటికీ ఉంది.

వారం తరువాత మా ఫిజిక్సు మాస్టారు పిలిచారు. చార్టు బల్ల మీద పరిచి ఉంది. "ఈ చిప్పు ఊరికే కూర్చున్నా రెండు వందలు అటూ ఇటూ ఊగుతుంది. నీ పట్టికలో ఇరవై కూడా ఊగలేదే!" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయన కోప్పడి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి. కోప్పడకుండా బొంబాయి ట్రాముల కథ చెప్పారు.

కొలాబాలో 1841 నుంచి అయస్కాంత పరిశీలనాలయం ఉండేది. 1859 సెప్టెంబరులో సూర్యుడి మీద నుంచి వచ్చిన మహా తుఫానుకు అక్కడి రీడింగు సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. ఆనాటి ఆ తుఫాను కొలతల్లో అతి విలువైనది అదే అని నేటికీ చెప్పుకుంటారు. తరువాత బొంబాయికి కరెంటు ట్రాములు వస్తాయని తేలింది. ట్రాము తీగల్లో కరెంటు పారితే పరిశీలనాలయం పనికిరాదు. అప్పటి డైరెక్టరు నానాభాయ్ మూస్ ట్రాములను ఆపలేడు గదా. సముద్రం దాటి అలీబాగులో ఇనుము తగలకుండా, పోరుబందరు రాయితో కొత్త భవనం కట్టించారు. 1904 నుంచి రెండేళ్ల పాటు రెండు చోట్లా కొలిచి, రెండింటికీ మధ్య ఎంత తేడానో తేల్చుకుని, అప్పుడు గానీ కొలాబా మూయలేదు. "పాత చోటి తప్పెంతో తెలుసుకున్నాకే కొత్త చోటికి పోయారు, చూశావా" అన్నారు మాస్టారు. తరువాత, "సెలవులకు ఊరికి పోతావు గదా. మీ పొలంలో కొలుచుకురా. కొలిచింది కొలిచినట్టు" అని చార్టు చుట్టి నా చేతికిచ్చారు.

ఆ సెలవుల్లోపల ఉపగ్రహాల వాళ్లు ఈ బాధను ఎట్లా పడ్డారో చదివాను. అలీబాగు పోయినట్టు వాళ్లు పోవడానికి వీల్లేదు. ఉపగ్రహం తన ఇనుమునీ, తన కరెంటునీ తన వెంటే మోసుకుని తిరుగుతుంది. అందుకని చిప్పును పొడుగాటి కర్ర చివర కట్టి శరీరానికి దూరంగా చాపుతారు. 1999లో వెళ్లిన డెన్మార్కు వాళ్ల ఓర్‌స్టెడ్‌కు ఎనిమిది మీటర్ల కర్ర. 2013 నవంబరు 22న ఐరోపా వాళ్లు వదిలిన స్వార్మ్ మూడు ఉపగ్రహాలు. ఒక్కొక్కటి తొమ్మిది మీటర్ల పొడవు, అందులో నాలుగు మీటర్లు తోకే. మన ఆదిత్య ఎల్-1 కొలిచేది భూమి క్షేత్రాన్ని కాదు, సూర్యుడి నుంచి వచ్చేదాన్ని. అయినా దానిదీ అదే బాధ. ఆరు మీటర్ల కర్ర మడిచి పెట్టుకుని పోయి 2024 జనవరిలో విప్పింది. కర్ర చివర ఒక సెన్సరు, నడి మధ్యన ఒకటి. రెండింటి తేడా చూస్తే ఉపగ్రహం సొంత గోల ఎంతో లెక్క కట్టవచ్చు.

మరి శేరు డబ్బాకు ఎనిమిది మీటర్ల కర్ర ఎక్కడ కడతాం? ఇక్కడే నాకు సరదా పుట్టింది. 2012లో వెళ్లిన సినిమా అనే చిన్న ఉపగ్రహం (మన సినిమా కాదు, ఆ పేరు పొడి అక్షరాల కూర్పు) లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు చేసిన బుల్లి సెన్సరును కర్ర చివర పెట్టుకుని పోయింది. మా డబ్బాలో ఉన్న జాతి సెన్సరే. 2017లో నాసా డెల్లింగర్ అని చెప్పుల పెట్టె అంత ఉపగ్రహాన్ని వదిలింది. దాంట్లో ఒక సెన్సరు కర్ర చివర, మిగిలినవి పెట్టె లోపలే. లోపలివి గోల మధ్యన కూర్చుని కొలుస్తాయి. ఏ మోటారు ఎప్పుడు తిరిగిందో, ఏ తీగలో ఎంత కరెంటు పారిందో లెక్క పెట్టుకుని, దాన్ని తీసివేస్తే మిగిలేది భూమి. ఈ మధ్య 2024లో ఐరోపా అంతరిక్ష సంస్థ నానోమాగ్‌శాట్ అని పదహారు ఘనాల ఉపగ్రహాలు మూడింటికి ఆమోదం ఇచ్చింది. స్వార్మ్ ఒక్కొక్కటీ అరటన్ను దగ్గర ఉంటే, ఇవి మనిషి ఎత్తగలిగేటంత ఉంటాయి.

ఇదంతా ఎందుకని మా రూమ్మేటు అడిగాడు. నీ ఫోనులో ఉత్తరం చూపే బాణానికి ఈ కొలతలే ఆధారం అన్నాను. భూమి అయస్కాంతం నిలకడగా ఉండదు. ఉత్తర అయస్కాంత ధ్రువం కెనడా వైపు నుంచి సైబీరియా వైపు ఏటా యాభై కిలోమీటర్ల లెక్కన పరుగెత్తింది. విమానాలూ ఓడలూ ఫోనులూ వాడే ప్రపంచ అయస్కాంత నమూనాను ఐదేళ్లకొకసారి మారుస్తారు. ధ్రువం పరుగుకు తట్టుకోలేక 2019 ఫిబ్రవరిలో గడువుకు ముందే మార్చవలసి వచ్చింది. వాడు ఫోను తీసి ఉత్తరం చూసుకుని మళ్లీ పడుకున్నాడు.

సంక్రాంతికి ఊరికి పోయాను. మాస్టారు చెప్పినట్టే చేశాను. ఒకటిన్నర మీటరు వెదురు కర్ర చివర చిప్పు, ఇవతలి కొసన బ్యాటరీ, చిన్న తెర, మధ్యన నాలుగు సన్న తీగలు. ఫోను ఇంట్లో పెట్టాను, దాని స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. వేరుశెనగ పీకేసిన చేను, చుట్టూ కరెంటు తీగ లేదు. వేపచెక్క పీట మీద కర్ర ఆనించి, నెమ్మదిగా అన్ని దిక్కులకూ తిప్పాను. 41 వేల చిల్లర. 41 వేల చిల్లర. మళ్లీ అదే. గుమ్మడికాయ గుండ్రమైంది! ఊగడం మాత్రం ఊగింది, మాస్టారు చెప్పినట్టే రెండు వందలు. నా దొంగ పట్టికలో లేనిది అదే.

నాయన గట్టు మీద నుంచి దిగి వచ్చి కర్ర పక్కన వంగాడు. అంకె ఎగిరింది.

"నాయనా, నువ్వు కొంచెం దూరం జరుగు."

"నేనేం చేస్తినిరా?"

"నువ్వేం చెయ్యలేదు, నీ కొడవలి."

కొడవలి గట్టు మీద పెట్టి వచ్చాడు. ఇంకా కొంచెం తేడా ఉంది. మొలతాడుకు ఇనుప తాళంచెవి. మోటారు షెడ్డుది. మోటారు అమ్మి ఆరేళ్లయింది, షెడ్డుకు తలుపు కూడా లేదు. ఆ తాళంచెవి ఇంకా ఎందుకని నేను అడగలేదు. ఆయన తీయనూ లేదు. నాలుగడుగులు వెనక్కు జరిగి నిలబడ్డాడు, అంతే.

చేనంతా పది అడుగులకొకటి చొప్పున కొలుస్తూ పోయాను. నాయన నా వెనకాలే దూరంగా, నేను చెప్పిన అంకెలు నోట్సులో వ్రాస్తూ వచ్చాడు. ఆయన చదివింది ఐదో తరగతి. అంకెలు మాత్రం నాకంటే గుండ్రంగా వ్రాస్తాడు. తూర్పు గట్టు దగ్గరికి వచ్చేసరికి 41 వేలు కాస్తా 39కి దిగింది. రెండడుగులు వేస్తే 46. ఇంకొక అడుగుకు 54 వేలు. తీగ ఊడిందేమో అనుకుని చూశాను. ఊడలేదు. చిప్పును నేలకు దించితే ఇంకా పెరిగింది. కింద మన్ను తప్ప ఏమీ కనిపించలేదు, చిన్న కసువు మొలిచి ఉంది.

"ఇక్కడ ఏందో ఉంది నాయనా" అన్నాను.

నాయన నోట్సు మూసి, "ఉండేది రెండో బోరు" అన్నాడు. "ఇనుప కేసింగు. పెరుకుదామంటే రాకపాయె. రాయి మూసి, మన్ను పోసినా, పిల్లోల్లు యాడ పడతారోనని. ఆ బోరు యాడుందో నాకు నీ డబ్బా చూపియ్యాల్నా?"

మొదటి బోరు రెండేళ్లు నీళ్లిచ్చి ఎండింది. ఈ రెండోది 2018లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వేయించాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన ఒకరు వచ్చి చోటు చూపించాడు. కాయ నిటారుగా లేచి నిలబడటం నేనూ చూశాను, నమ్మాను కూడా. తమిళనాడు నంబరు బోరు లారీ రాత్రంతా మోగింది. ఆరు వందల అడుగులు. తెల్లారేసరికి మా ఇంటి మీదా, చెట్ల మీదా, అమ్మ జుట్టు మీదా తెల్లటి రాతి పొడి. తడి మాత్రం లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆవులు రెండూ పోయాయి. ఆ అప్పు తీరింది నిరుడే.

నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేక పడమటి వైపు పోయాను. ఆ మూల గుట్ట మీద నుంచి నల్లరాతి గట్టు ఒకటి మా చేలోకి దిగుతుంది. అక్కడ అంకె ఐదారు వందలు ఎగుడుదిగుడుగా ఉంది. నల్లరాయిలో ఇనుప పాలు ఎక్కువ గనుక ఉండటం న్యాయమే. రెండు మూడు సార్లు అటూ ఇటూ నడిచి చూశాను. నా ముఖంలో ఏం కనిపించిందో, నాయన దగ్గరికి వచ్చాడు. ఈసారి తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని.

"ఈడ ఉన్నాయా?" అన్నాడు.

"ఏవి?"

"నీళ్లు. లారీ పక్కూర్లోనే ఉంది. నువ్వు ఊ అంటే రేపే పిలిపిస్తా. కొబ్బరికాయోడు చెప్తేనే యేయిస్తిమి. నువ్వు సదువుకున్నోడివి."

అబద్ధం ఆడదామని కాదు గానీ, ఊ అనడానికి నా దగ్గర కారణాలు ఉన్నాయి. గ్రానైటు నేలల్లో ఇలాంటి నల్లరాతి గోడలు భూమిలో నీళ్లకు అడ్డం నిలిచి, ఒక పక్క నిల్వ చేసే సందర్భాలు ఉన్నాయని చదివాను. అటువంటి గోడలను అయస్కాంత కొలతలతో వెతుకుతారు కూడా. కానీ ఆ గోడ చితికి ఉంటే నీళ్లు నిలవవు. నిలిచినా ఏ పక్కన, ఎంత లోతున? నా రెండు వందల రూపాయల చిప్పుకు అది తెలియదు. ఎంతసేపు ఆలోచించానో గుర్తు లేదు. నాకు చార్టు మీది ముత్యాల్లాంటి అక్షరాలు కనబడ్డాయి. ఆ అంకెలకు డిక్షనరీ వచ్చింది. ఈ అంకెకు మళ్లీ నూటికి రెండు రూపాయలు.

"ఇది నీళ్లు చూడదు నాయనా. ఇనుము చూస్తుంది, నల్లరాయి చూస్తుంది. కింద నీళ్లున్నాయో లేవో నాకు తెల్దు" అన్నాను.

"తెల్దా?"

"తెల్దు."

నాయన కాసేపు గుట్ట వైపు చూశాడు. "అట్లనా" అన్నాడు. మళ్లీ నోట్సు తెరిచి, "ఇందాకటి అంకె ఎంత చెప్తివి?" అని అడిగాడు. చీకటి పడేదాకా వ్రాస్తూనే ఉన్నాడు.

కాలేజీకి వచ్చాక నాయన వ్రాసిన నోట్సూ, నా చార్టూ రెండూ మాస్టారి బల్ల మీద పెట్టాను. చార్టులోవి నేను పుట్టించినవని చెప్పాను. "బహుమతి సంగతి కమిటీకి నువ్వే వ్రాసియ్యి" అన్నారు. వ్రాసిచ్చాను, డిక్షనరీతో సహా. మిగతా ఇద్దరికీ ఆ రాత్రి జరిగినదేమీ తెలియదని కూడా వ్రాశాను. అయినా వాళ్ల మెమెంటో కూడా పోయింది. ఒకడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకొకడు మాట్లాడాడు, ఆ మాటలు సావనీరులో అచ్చువేయడానికి వీల్లేదు. వాళ్లిద్దరూ ఇది చదువుతారు గనుక ఇక్కడ ఇంకోసారి ఒప్పుకుంటున్నాను.

ఉగాదికి ముందు నాయన ఫోను చేశాడు. పై చేను వాళ్లు బోరు వేయిస్తున్నారట, నన్ను డబ్బా తీసుకుని రమ్మన్నారట. "దాంతో ఏం కనపడుతుందో మావాడికే ఇంకా సరిగ్గా తెలీదంట, ఆగండప్పా అని చెప్పినా" అన్నాడు. వాళ్లు ఆగలేదు. వేయించారు. ఒకటిన్నర అంగుళం నీళ్లు పడ్డాయి. అవి నల్లరాతి గట్టుకు ఈ పక్కనో ఆ పక్కనో నాయన కాలితో అడుగులు కొలిచి, నోట్సు వెనక పేజీలో బొమ్మ గీసి పెట్టాడు.

ఈ సెలవులకు కర్ర ఇంకో మీటరు పొడుగు చేసుకుని పోతున్నాను. గట్టుకు అడ్డంగా, ఐదడుగులకొకటి చొప్పున, పై చేను దాకా కొలవాలి. కొడవలి ఇంట్లోనే పెట్టి వస్తానన్నాడు నాయన. తాళంచెవి మాత్రం ఉంటుందట, అదెంతో విడిగా లెక్క వేసి తీసెయ్యమన్నాడు.